మార్జిన్‌లో సున్నా ఐదు

ఆ లాబ్‌లో రక్తం పరీక్షించే యంత్రాన్ని అందరూ ‘ఎనభైతొమ్మిది’ అనేవారు. స్విచ్ వెయ్యగానే దాని కింది మూలనున్న చిన్న గాజుకిటికీలో ఎర్రటి అంకెలు 89 అని మూడు సెకన్లు వెలిగి ఆరిపోయేవి. 1984లో డాక్టర్ సన్యాల్ దాన్ని కలకత్తాలో సెకండ్‌హ్యాండ్‌గా కొన్నప్పుడు అది ఏ మోడలో అమ్మినవాడు చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు. వెలిగేదే దాని పేరనుకున్నారు. ఊడ్చే మనిషి కూడా “ఎనభైతొమ్మిది మీద దుమ్ము తుడవనా దీదీ?” అని అడిగేది.

ఆ దీదీ పేరు సూసన్న. ఖరగ్‌పూర్‌లో ఇందా చౌరస్తాకు కాస్త లోపలగా పద్దెనిమిది మంచాలతో డాక్టర్ సన్యాల్ నడిపే నర్సింగ్ హోమ్‌లో ఆమె లాబ్ టెక్నీషియన్. తండ్రి భీమిలి నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ పని చేసినవాడు. ఆమె అక్కడి నింపురా రైల్వే క్వార్టర్లలో పుట్టి, విశాఖపట్నంలో మేనత్త ఇంట్లో ఉండి లాబ్ కోర్సు చదివి, 1979లో ఈ ఉద్యోగంలో చేరింది. భర్త ఆర్థర్ గూడ్సు బళ్ళకు గార్డు.

సూసన్న చెయ్యి తేలికని ఊళ్ళో పేరు. సూది ఎప్పుడు దిగిందో తెలిసేది కాదట. నింపురా, మలంచా, తాల్‌బగీచా వైపు తెలుగువాళ్ళు వేరే ఆసుపత్రులు దాటుకుని మరీ ఆమె దగ్గరికి వచ్చేవారు. డాక్టరు బెంగాలీలో చెప్పింది ఆమె తమ మాటలో చెప్పేది. కాగితం మీద అంకె రాసి ఊరుకోకుండా, ఇది ఎంతుండాలి, నీకు ఎంతుంది అని వివరించేది. ఆమె చెప్పిందంటే ఇక దానికి తిరుగులేదు.

పనిలోనూ అంతే. యంత్రంలో ఏదైనా తేడా వస్తే ఆ చిన్న కిటికీలో ఒక సంఖ్య వెలిగి నిలిచిపోయేది. దాని అర్థమేమిటో జెరాక్సు పుస్తకంలో చూసుకోవాలి. ఆ పుస్తకానికి మొదటి నాలుగు పేజీలు లేవు కానీ, సంఖ్యల పట్టిక మాత్రం ఉంది. సూసన్న దాన్ని కంఠతా పట్టింది. 03 అంటే గొట్టంలో గాలిబుడగ. 04 అంటే మూత సరిగా పడలేదు. ఎక్కువగా వచ్చేది 05. మెయిన్స్ వోల్టేజి తక్కువగా ఉంది, పది నిమిషాలు ఆగి మళ్ళీ వెయ్యండి. ఖరగ్‌పూర్‌లో వోల్టేజి సంగతి తెలియనిదెవరికి? పొద్దున ఏడింటికి పంపులన్నీ ఒక్కసారి మొదలయ్యేసరికి బల్బులు నారింజ రంగుకు తిరిగేవి. ఆమె పది నిమిషాలు ఆగి మళ్ళీ వేసేది. సంఖ్య పోయేది. పరీక్ష చేసేది. అయినా జాగ్రత్త మనిషి కనుక, 05 వచ్చిన రోజు రిజిస్టరు మార్జిన్‌లో, ఆ రక్తం ఎవరిదో ఆ పేరు పక్కన, ఎర్రసిరాతో 05 అని రాసిపెట్టేది. ఎందుకని ఎవరూ అడగలేదు. రాయమని ఎవరూ చెప్పనూ లేదు.

1991 ఫిబ్రవరిలో మేదినీపూర్‌లో ఒక నర్సింగ్ హోమ్ మూతపడితే, అక్కడి యంత్రం సరిగ్గా తమ దానిలాంటిదేనని తెలిసి డాక్టర్ సన్యాల్ కొనుక్కొచ్చారు. పని పెరిగింది, రెండు ఉంటే మంచిదని. దాన్ని అమర్చడానికి లూకా వచ్చాడు. లూకా రైల్వే ఎలక్ట్రికల్‌లో ఫిట్టర్. సెలవు రోజుల్లో ఈ నర్సింగ్ హోమ్‌లో వైరింగ్ పనులు చూసేవాడు. చర్చిలో సూసన్న వెనక బెంచీలో కూర్చునేవాడు, ఆమెను అక్కా అని పిలిచేవాడు.

పొద్దున తొమ్మిది గంటలకు రెండు యంత్రాలూ బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాయి. లూకా కొత్తదానికి స్విచ్ వేశాడు.

88 అని వెలిగింది.

“ఇది వేరే మోడలు కదా లూకా. మనది ఎనభైతొమ్మిది,” అంది సూసన్న.

లూకా వంగి వెనకాల ఉన్న రేకు చదివాడు. పాతదాని వెనక్కి వెళ్ళి అదీ చదివాడు. “రెండూ ఒకటే అక్కా. అచ్చరం తేడా నేదు.”

“మరైతే?”

లూకా పాతది వేశాడు. 89. కొత్తది ఆర్పి మళ్ళీ వేశాడు. 88. పాతదాని గాజుకిటికీకి ముఖం ఆనించి, మళ్ళీ ఒకసారి వేసి, గోటితో ఒక మూల చూపించాడు.

“ఇదిగో, ఇక్కడ ఒక గీత ఎలగడం నేదు. ఇది తొమ్మిది కాదక్కా, ఎనిమిదే. యెయ్యగానే తన గీతలన్నీ ఎలుగుతన్నాయో నేదో మనకి సూపించుకుంటాది. అందుకే అన్ని గీతలూ ఉన్న ఎనిమిది ఎలిగిస్తాది. మనదానికి ఒకటి సచ్చిపోయింది. అంతే.”

“అంతేనా,” అని సూసన్న నవ్వింది. ఏడేళ్ళుగా ఒక యంత్రాన్ని తప్పుడు పేరుతో పిలిచామన్నమాట.

లూకా మాత్రం నవ్వలేదు. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. బల్ల మీద ఏడు పుల్లలు పరిచి ఎనిమిది చేశాడు. ఎడంపక్క కింది పుల్ల తీశాడు. తొమ్మిది అయింది. ఆ పుల్ల అలాగే పట్టుకుని కాసేపు ఆలోచించాడు. తరవాత పుల్లలు కదిపి ఒకటి, మూడు, నాలుగు, ఐదు, ఏడు చేస్తూ పోయాడు. “వీటికి ఈ పుల్ల అక్కర్నేదు. ఇయ్యన్నీ సరిగ్గానే వొస్తాయి. సున్నా, రెండు అయితే వొంకరగా వొస్తాయి, తెలిసిపోతాది. ఎప్పుడైనా వొచ్చినాయా?”

“ఆ చివర్న ఎప్పుడూ రాలేదు.”

“మరి ఆరు?” అని లూకా పుల్లలతో ఆరు పేర్చాడు. ఎడంపక్క కింది పుల్ల తీసేశాడు.

బల్ల మీద ఐదు మిగిలింది.

సూసన్న ఆ పుల్లల వంక చూస్తూ నిలబడిపోయింది. జెరాక్సు పుస్తకం తియ్యనక్కర్లేదు, ఆ వరస ఆమెకు నోటికి వచ్చు. 06: లోపలి దీపం బలహీనం; అంకె ఎక్కువగానో తక్కువగానో రావచ్చు. దీపం మార్చి, ప్రమాణ ద్రావణంతో సరిచూసేవరకు ఫలితాలను నమ్మరాదు.

“ఆగితే పోయేది కదా,” అంది చివరికి. “పది నిమిషాలు ఆగితే పోయేది కదా లూకా.”

“దీపం ఏడెక్కితే కొంచెం నిలదొక్కుకుంటాది. పోతాది మరి.”

అప్పుడు ఆమెకు స్టెబిలైజరు గుర్తొచ్చింది. 1988లో డాక్టరుగారు ఈ యంత్రం కోసమే స్టెబిలైజరు కొన్నారు. అది వచ్చాక కూడా 05 వస్తూనే ఉంది. ఇదేమిటి, కరెంటు సరిగ్గానే ఉంది కదా అని ఆమె ఒకరోజు లూకానే అడిగింది. స్టెబిలైజరే బాగోలేదేమో అన్నాడు లూకా. సరేనంది ఆమె. మూడేళ్ళ కిందట, ఇదే బల్ల దగ్గర, ప్రశ్న సరిగ్గానే అడిగి, జవాబు దగ్గర ఊరుకుంది. ఇద్దరికీ అది ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. లూకా అగ్గిపుల్లలు ఒక్కొక్కటే ఏరి పెట్టెలో వేసుకుంటూ తలెత్తలేదు.

సూసన్న రిజిస్టర్లు దించింది. ఏడేళ్ళవి, నాలుగు పుస్తకాలు. పేజీలు తిప్పుతూ ఎర్రసిరా లెక్కపెట్టింది. మొదటి రెండేళ్ళలో అరుదుగా, ఎండాకాలం పొద్దుటి పూట మాత్రమే ఉంది. 86 చలికాలం నుంచి నెలకొకటి. అరవై మూడు చోట్ల 05. కొందరివి రెండుసార్లు, మూడుసార్లు. పేర్లు చూస్తే నలభై ఒక్కమంది. వీటిలో నిజంగా ఐదు ఎన్ని, ఆరు ఎన్ని? చెప్పే దారి లేదు. విలువ ముందే తెలిసిన ఆ ప్రమాణ ద్రావణం నెలకొకసారి, మొదటి సోమవారం మధ్యాహ్నం వేసేది. అప్పటికి యంత్రం పొద్దుటి నుంచీ పనిచేసి వేడెక్కి ఉండేది. ఎప్పుడూ సరిగ్గానే వచ్చేది.

పుస్తకాలు పట్టుకుని డాక్టరు గదికి వెళ్ళి అంతా చెప్పింది. డాక్టర్ సన్యాల్‌కి అరవై దాటాయి, మాట తొందర మనిషి. ఆ రోజు మాత్రం ఆమెను మధ్యలో ఆపలేదు. ఆఖరున కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, “దీదీ, ఇవాళ ఎవరితోనూ అనకండి. లూకాకి కూడా చెప్పండి. రేపు ఆలోచిద్దాం,” అన్నారు.

ఆ మాటకు సూసన్నకు ప్రాణం లేచివచ్చినట్టయింది. ఎవరికీ చెప్పక్కర్లేదు. వరండా దాటి లాబ్‌కు తిరిగి వస్తూ, తను ఇంత తేలికపడుతున్నానని గమనించుకుని, అక్కడే ఆగిపోయింది. పొద్దుటి నుంచీ తగిలిన దెబ్బల్లో అదే పెద్దదని తరవాత ఆర్థర్‌తో చెప్పింది. యంత్రం అబద్ధం చెప్పిందంటే తట్టుకోగలిగింది. తన మనసు ఆ అబద్ధంలోనే దాక్కోవాలని చూసిందంటే మాత్రం తట్టుకోలేకపోయింది.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి డాక్టరుగారు అప్పటికే లాబ్‌లో స్టూలు మీద కూర్చుని ఉన్నారు. గడ్డం గీసుకోలేదు.

“పేర్లు చదవండి,” అన్నారు.

ఆమె చదివింది. ఒక్కొక్క పేరుకీ ఆయన కళ్ళు మూసుకుని, మనిషిని గుర్తు తెచ్చుకుని, రోగం చెప్పేవారు. కొన్నింటికి ఊరట. ఇది మందులతో సంబంధం లేనిది, ఇది పెళ్ళికి ముందు ఊరికే చేయించినది. కొన్నింటి దగ్గర ఆగిపోయేవారు. ముగ్గురు చనిపోయారు. ఒకరు లారీ కింద పడి, ఒకరు తొంభై ఏళ్ళకు. మూడో పేరు దగ్గర సూసన్న పుస్తకం బల్ల మీద పెట్టేసింది. డాక్టరుగారు పుస్తకం తన వైపు తిప్పుకుని చదువుకున్నారు. రిచర్డ్. గూడ్సు డ్రైవరుగా రిటైరయినవాడు. 1988 అక్టోబరు. కాళ్ళవాపుతో వచ్చాడు. కిడ్నీల పని చెప్పే యూరియా రక్తంలో ముప్పై నాలుగు, మామూలే. పక్కన ఎర్రగా 05.

“గుండె అనుకుని మందిచ్చాను,” అన్నారు డాక్టరుగారు. “యూరియా మామూలుగా ఉంది కదా అని.” రిచర్డ్ జనవరిలో చనిపోయాడు. కిడ్నీలు రెండూ పోయాయని ఆఖరి వారంలో పెద్దాసుపత్రిలో తేలింది.

ఆ వారమే కొత్త దీపం వేసి, రెండు యంత్రాలనూ సరిచూసుకుని, మనుషులను పిలవడం మొదలుపెట్టారు. డాక్టరుగారు బెంగాలీలోనూ హిందీలోనూ చీటీలు రాశారు. తెలుగువాళ్ళ ఇళ్ళకు సూసన్న తనే వెళ్ళింది. కొందరు విషయం వినకుండానే భయపడిపోయారు. ఒకాయన మొహం మీదే తలుపు వేశాడు. నలుగురు బదిలీలమీద ఎక్కడికి వెళ్ళారో తెలియలేదు. మొత్తానికి ఇరవై ఏడుగురు వచ్చారు. చాలామందికి పాత అంకెకీ కొత్త అంకెకీ పెద్ద తేడా రాలేదు. ఎనిమిది మందికి వచ్చింది.

ఆ ఎనిమిది మందిలో అప్పలకొండ ఒకడు. విజయనగరం దగ్గరివాడు, వర్క్‌షాపులో కమ్మరి కొలిమి దగ్గర పనిచేసేవాడు. పండగలకు తెలుగువాళ్ళ తప్పెటగుళ్ళ జట్టులో ముందువరసలో ఎగిరేవాడు. గుండెల మీద తప్పెట కట్టుకుని అతను గాల్లోకి లేస్తే బెంగాలీలు కూడా నోరు వెళ్ళబెట్టి చూసేవారు. 1987లో అతని యూరియా తొంభై ఆరు వచ్చింది, ఉండాల్సినదానికి రెండింతల పైన. మూడుసార్లు చేసినా అలాగే వచ్చింది. మూడుసార్లూ పొద్దున్నే వచ్చాడు, మూడుసార్లూ 05. కలకత్తా వెళ్ళి చూపించుకోమని డాక్టరు చెబితే అతను వెళ్ళలేదు. సూసన్నమ్మ చెప్పాక ఇంకెవరికో చూపించడమెందుకన్నాడు. కొలిమి పని మానేసి గేటు దగ్గర కూర్చునే పని రాయించుకున్నాడు. ఉప్పు, చేప, పప్పు మానేశాడు. తప్పెట జట్టువాళ్ళకు ఇచ్చేశాడు.

ఇప్పుడు కొత్త యంత్రంలో ఇరవై ఎనిమిది వచ్చింది. పాతదాంట్లో, కొత్త దీపంతో, ఇరవై తొమ్మిది.

భార్య నూకాలమ్మను పక్కన కూర్చోబెట్టుకుని బెంచీ మీద ఎదురుచూస్తున్న అతని దగ్గరికి సూసన్న కాగితం తెచ్చింది.

“అప్పలకొండన్నయ్యా, నీకు ఏమీ లేదు. కిడ్నీలు బాగున్నాయి. అప్పుడూ బాగానే ఉండుంటాయి. మా యంత్రం తప్పు చెప్పింది. నేను దాన్ని తప్పు చదివాను.”

అప్పలకొండ ఆమె ముఖంలోకి చూశాడు. “ఏటీ నేదా?”

“లేదు.”

“మరప్పుడు సావొస్తాదన్నారు గదమ్మా?”

అతను చేతిలోని కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. “అప్పుడూ మీరే సెప్పినారు. ఇప్పుడూ మీరే సెప్తన్నారు. ఇది మాత్తరం నిజమని నాకేటి తెలస్తాది?”

కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. సూసన్న సీసాలో మిగిలిన రక్తాన్ని మేదినీపూర్‌లో వేరే లాబ్‌కు అదే రోజు లూకా చేత పంపించింది. సాయంత్రానికి అక్కడి కాగితం వచ్చింది. ముప్పై. అంతవరకూ ఆ మొగుడూ పెళ్ళాం బెంచీ మీంచి లేవలేదు.

ముప్పై అని వినగానే నూకాలమ్మ ఒక్కసారి భోరుమంది. “నాలుగేళ్ళు నీకు ఉప్పు నేని కూడెట్టినాను. నాను తిన్నేక పక్కనున్న సావిత్రమ్మోళ్ళింటికెల్లి, ఆల పెరట్లో కూకుని, ఎండుసేపల కూర తినొచ్చినాను. పాపం సేసినాననుకుని రోజూ దేవుడికి దండాలెట్టినాను. ఓలమ్మో, ఆ కూర నీకూ ఎట్టొచ్చునా!”

అప్పలకొండ భార్య వైపు, ఆ తరవాత సూసన్న వైపు చూశాడు. నవ్వాలో తిట్టాలో తెలియనివాడిలా నోరు కదిపాడు. లేచి, బెంచీ అంచు పట్టుకుని, కాళ్ళు రెండూ నేలమీద గట్టిగా తన్ని చూసుకున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆ చప్పుడు సూసన్న చెవుల్లో ఉండిపోయింది. ఆ ఏడు పండక్కి అతను మళ్ళీ తప్పెట కట్టాడు. కానీ నలభై మూడేళ్ళప్పుడు వదిలిపెట్టింది నలభై ఏడేళ్ళకు అందలేదు. వెనక వరసలో నిలబడి నెమ్మదిగా వేశాడు.

రిచర్డ్ ఇల్లు ఆఖరుకు మిగిలింది. చనిపోయినవాడి ఇంటికి వెళ్ళి చెప్పడం ఎందుకన్నారు డాక్టరుగారు. ఆర్థర్ కూడా అదే అన్నాడు. సూసన్న రెండు వారాలు ఆగింది. చర్చిలో రిచర్డ్ భార్య సుజాతమ్మ ప్రతి ఆదివారం ఆమె చెయ్యి పట్టుకుని, “మా ఆయనకి ఆఖర్న నువ్వెంత సేసినావే,” అనేది. అది వినలేక ఒక శనివారం మధ్యాహ్నం వెళ్ళింది.

సుజాతమ్మ బియ్యం ఏరుతోంది. సూసన్న కింద కూర్చుని, అగ్గిపుల్లల సంగతి దగ్గర్నుంచి అంతా చెప్పింది. రిచర్డ్ అంకె తప్పో ఒప్పో తనకు తెలియదని, ఇక ఎప్పటికీ తెలియదని కూడా చెప్పింది.

సుజాతమ్మ చేట పక్కన పెట్టింది.

“ఇది నాకెందుకు సెప్పినావు సూసన్నా?”

“మీకు తెలియాలనిపించింది పిన్నీ.”

“రెండేళ్ళుగా దేవుడు తీసుకున్నాడని ఊరుకున్నాను. ఇప్పుడొచ్చి పెట్టె తీసుకుందంటన్నావు. దేవుడితో అయితే సర్దుకోగలిగినాను. పెట్టెతో ఎలాగ సర్దుకుంటాను?” ఆమె గొంతు పెరగలేదు. “నీ బరువు దించుకోడానికి వొచ్చినావు. దించినావు. ఎల్లు.”

సూసన్న లేచి వచ్చేసింది. దారిలో సైకిలు తొక్కలేక నడిపించుకుంటూ వచ్చింది. సుజాతమ్మ అన్న మాట నిజమేమోనన్న అనుమానం ఆమెను చాలా రోజులు వదల్లేదు. చర్చిలో సుజాతమ్మ బెంచీ మారింది. ఎదురుపడితే తల తిప్పుకునేది. ఒక ఏడాది పైన అలాగే గడిచింది.

ఉద్యోగం మానేస్తానని సూసన్న రెండుసార్లు కాగితం ఇచ్చింది. డాక్టరుగారు రెండుసార్లూ చింపేశారు. “ఎర్రసిరాతో రాసింది మీరే. మీరు రాయకపోతే ఇరవై ఏడుగురిని నేను ఎక్కడ వెతికేవాడిని?” అన్నారు. ఆమెకు ఆ మాట ఓదార్పుగా అనిపించలేదు. అయినా ఉండిపోయింది. పరీక్షకు వచ్చినవాళ్ళు ముఖం వంక చూస్తే వెంటనే “సరిగ్గా ఉంది” అనడం మానేసింది. “ఇవాళ్టికి ఇలా వచ్చింది, అనుమానముంటే ఇంకోచోట చూపించుకోండి,” అనేది. కొందరికి అది నచ్చక రావడం మానుకున్నారు.

1992 ఆగస్టులో, వాన వెలిసిన ఒక పొద్దున, లాబ్ తలుపు దగ్గర సుజాతమ్మ నిలబడి ఉంది. మనిషి సగమైపోయింది. రాగానే కుర్చీలో కూర్చుని చీర కొంగు పక్కకు జరిపి చెయ్యి చాపింది.

“దాహం ఆగటం నేదు. సుగరేమో సూడు.”

“వేరేచోట చూపించుకుంటారేమో పిన్నీ. నేను చీటీ రాసిస్తాను.”

“నీ దగ్గరికే వొచ్చినాను. తియ్యి.”

సూసన్న సూది పట్టుకుంది. పదమూడేళ్ళలో మొదటిసారి ఆమెకు నరం దొరకలేదు. తప్పిపోయి, రక్తం చర్మం కింద నల్లగా కమిలింది. సుజాతమ్మ కదల్లేదు. “ఏటీ పర్నేదు. మళ్ళీ సూడు,” అంది. రెండోసారి దొరికింది.

పరీక్ష అయ్యేదాకా వరండాలో కూర్చోమంటే వెళ్ళలేదు. దూది నొక్కి పట్టుకుని ఆ కుర్చీలోనే కూర్చుంది. యంత్రం పని చేస్తుంటే, ఎవరితోనూ కానట్టు, రిచర్డ్ ఆఖరి నెలలో ఏమి తిన్నదీ, ఏమి వద్దన్నదీ చెప్పడం మొదలుపెట్టింది. క్రిస్మస్‌కి కేకు ముక్క నోట్లో పెట్టుకుని రుచి తెలియడం లేదన్నాడట. చెప్పులు పట్టక ఆర్థర్ పాత చెప్పులు అడిగి తెప్పించుకున్నాడట. ఆ సంగతి సూసన్నకు తెలియదు, ఆర్థర్ ఎప్పుడూ అనలేదు.

షుగరు రెండు వందల పదకొండు ఉంది. సూసన్న ఆ అంకె చూపించి, ఎంతుండాలో చెప్పింది. రేపు పొద్దున ఏమీ తినకుండా మళ్ళీ రమ్మంది.

“ఒస్తాను,” అంది సుజాతమ్మ. కానీ లేవలేదు. రిచర్డ్ సంగతి ఇంకా కొంత మిగిలి ఉంది. బయట వరండాలో నలుగురు రక్తం ఇవ్వడానికి నిలబడి ఉన్నారు. సూసన్న తలుపు దగ్గరికి వేసి, వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది.